ఇంకా కొంచెం ఒదులుంది

కుడికి కొంచెం, ఎడమకి కొంచెం, అంతే, అంతకు మించి తిప్పకూడదు. ముందు చక్రాలు కదలబోయే దాకా నా చేతిలో ఈ స్టీరింగు ఎంత దూరం ఉత్తినే తిరుగుతోందో అదొక్కటే చూడాలి, ఆ ఉత్తినే తిరగడమే రోగం అన్నాడు సూసన్న జీపు కింద నుంచి. సూసన్న రైల్వే వర్కుషాపులో ఫిట్టరు. చర్చిలో ప్రార్థన కాగానే తెల్లబట్టలు విప్పేసి పాత నిక్కరు తొడుక్కుని మా క్వార్టరుకి వచ్చాడు, పొద్దున్నే రాడ్ల చివర అరిగిపోయిన ముక్కలు తీసి కొత్తవి వేశాడు. అతని పక్కనే మా మావయ్యగారు గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకున్నారు. బానెట్టు అవతల నాకు కనబడేది వాళ్లిద్దరి పాదాలే, సూసన్నవి నల్లగా చిన్నగా, మావయ్యగారివి పెద్దవి, మడమలు పగిలినవి, సర్వీసంతా ఇంజను మీద వేడి ఇనపరేకు మీద నిలబడిన పాదాలు. ఆ పాదాల వేళ్లు ముడుచుకున్నాయి. నా మాట కోసం ఎదురుచూస్తున్నారని ఆ వేళ్లే చెబుతున్నాయి.

"తిప్పు వాణమ్మా. ఏటంటావు? ఉన్నాదా, పోనాదా?"

"ఇంకా ఉంది మావయ్యగారూ."

పొద్దున జానెడు ఉండేది, ఇప్పుడు బెత్తెడు. బెత్తెడు అంటే తక్కువేం కాదు. బెత్తెడు దూరం నేను తిప్పుతున్నాననుకుంటాను, బండికి మాత్రం ఆ సంగతి తెలియదు, ఆ బెత్తెడులోనే ఎద్దుబండి రావచ్చు, సైకిలు రావచ్చు, చెరువుగట్టు రావచ్చు. ఇవాళ నన్ను ఈ సీట్లో కూర్చోబెట్టింది మా ఆయన. ఈయన వర్కుషాపు డ్రాయింగు ఆఫీసులో పనిచేస్తారు, పెన్సిలు ముక్కు సన్నగా లేకపోతే గీత గీయరు, గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు, పోయిన ఆదివారం కూడా గొంతు పెంచలేదు. మా అమ్మాయి తీతు పెదవి చిట్లి నెత్తురు కారుతుంటే తుడుస్తూ, "నాన్నా, ఈ బండి ఇంక ఇంట్లో వద్దు" అన్నారు, అంతే. మూడు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. చివరికి అత్తయ్యే కూర్చోబెట్టి తగువు తీర్చింది, "బాగుచేస్తే ఉంచు, బాగవకపోతే అమ్మీ, మనుసులు అన్నాలు మానేస్తే ఎలగరా" అని. బాగయిందో లేదో చెప్పాల్సింది నేనట. "వాణి సరే అంటే సరే. బాలేదంటే ఇవాళ గోల్‌బజారు తుక్కు వ్యాపారి వస్తాడు, అతనికి ఇచ్చేద్దాం" అన్నారు ఈయన. మావయ్యగారు ఒప్పుకున్నారు, "అమ్మ సెప్తే సరే" అని. ఇంటిల్లిపాదీ నన్ను ఇంత నమ్మడం గొప్పే అనుకోవాలి, కాని ఇలాంటి నమ్మకం బరువు ఇప్పుడు నా రెండు అరచేతుల్లో తెలుస్తోంది.

కుడికి కొంచెం, ఎడమకి కొంచెం. ఇనుము చల్లగా ఉంది, కార్తీకం ఎండ ఇంకా బానెట్టు దాకా రాలేదు. ఈ జీపు యుద్ధమప్పుడు అమెరికా సైన్యం తెచ్చి ఇక్కడే వదిలేసి పోయినది, అందుకే దీని స్టీరింగు ఎడమవైపు. సాలువా దగ్గర సైన్యం సామాను వేలం వేసినప్పుడు ఎవరో కొన్నారు, వాళ్ల దగ్గర ఇంకెవరో, చివరికి మావయ్యగారు రిటైరైన ఏడాది ఇంటికి తెచ్చారు. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంటులో జనం అప్పటిదాకా నడిచేవాళ్లు, లేకపోతే సైకిలెక్కేవాళ్లు, జీపు చూసి వీధంతా బయటికి వచ్చింది. పక్కింటి చిలకమ్మ నడుం మీద చెయ్యేసుకుని, "ఏటి జగ్గారావు డ్రైవరు గోరూ, పట్టాలు కూడా కొనుక్కొచ్చినారా, లేక ఉత్త బండేనా?" అంది. అందరూ నవ్వారు. మావయ్యగారు కూడా నవ్వారు. ఆ మాటలో ఎంత నిజముందో అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఎందుకంటే ఆయన బొగ్గు ఇంజను డ్రైవరు. ఖుర్దా రోడ్డు దాకా మెయిలు తీసుకెళ్లి మళ్లీ మెయిలుతో తిరిగి వచ్చే మనిషి, ఎంత వేగంలో ఎక్కడ ఆవిరి తగ్గించాలో, ఏ వంతెన మీద ఎలా పోవాలో ఆయన ఒంటికే తెలుసు, కాని జన్మలో ఎప్పుడూ దేన్నీ కుడికీ ఎడమకీ తిప్పలేదు. తిప్పే పని పట్టాలది. అందుకే ఈ జీపు రోడ్డు మీద పాములా మెలికలు తిరుగుతూ పోతుంటే అది జబ్బని ఆయనకి తోచనే లేదు. "రోడ్డు మీద బండంటే ఊగుతాదమ్మా, దాని బుద్దే అంత" అనేవారు. మేం కూడా నమ్మాం. ఆయనంతటి డ్రైవరు చెబుతుంటే మాకేం తెలుసు? జీపు ఎక్కినప్పుడల్లా ఇనపకమ్మీ పట్టుకుని కూర్చోవడం మాకు అలవాటైపోయింది, తీతు అయితే అదొక ఆటనుకునేది.

నేను ఈ ఊరికి కాపురానికి వచ్చిన రోజు. బొబ్బిలిలో మా నాన్నగారు హైస్కూలు మేష్టారు, నన్ను బి.ఏ. దాకా చదివించి, ఇంత దూరం ఇస్తున్నందుకు రైల్లో నా ఎదురుగా కూర్చుని దారంతా కిటికీలోంచి చూస్తూ వచ్చారు, నా ముఖం చూడలేక. ఖుర్దా రోడ్డు దాటాక ఆయన నిద్రపోయారు, నేనూ నిద్రపోయాను, లేచేసరికి తెల్లవారింది, బండి ఆగిన సంగతే తెలియలేదు, ఎవరో "ఖడగ్‌పూర్, ఖడగ్‌పూర్" అంటుంటే కళ్లు తెరిచాను. ఆ పొడుగాటి ప్లాట్‌ఫారం మీద జనంలోంచి నీలం బట్టల మనిషి ఒకాయన, ముఖమంతా మసి, కళ్లు మాత్రం ఎర్రగా మెరుస్తూ, మా పెట్టె దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "దారిలో ఎక్కడా కుదుపు తగల్లేదు గదా అమ్మా?" అన్నారు. నేను తెల్లబోయి చూస్తుంటే మా నాన్నగారు గబగబా దిగి చేతులు పట్టుకున్నారు. "బావగారూ, మీరే తెచ్చారా బండి?" ఖుర్దా రోడ్డు నుంచి మా మావయ్యగారే తెచ్చారట. కొత్త కోడలు నిద్రపోతోందని, ఆగే ప్రతిచోటా గ్లాసులో నీళ్లు తొణక్కుండా ఆపారట. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ చెప్పాడు, నవ్వుతూ, "ఈ ట్రిప్పు బండి తోలినట్టు లేదండీ, ఉయ్యాల ఊపినట్టుంది" అని. ఆ మసి ముఖం చూశాక నాకు ఈ ఊరంటే బెంగ కలగలేదు. బెంగ లేకుండా కాపురానికి వచ్చిన ఆడపిల్లలు ఎంతమంది ఉంటారు?

"సెల్లెమ్మా, కుడేపు. ఇంకా కుడేపు. ఆపు." సూసన్న గొంతు. "బాబాయ్, పెట్టి బోల్టులు లూజుగా ఉన్నాయి, ఇదిగో సూడు, పెట్టే కదుల్తున్నాది." స్టీరింగు కడ్డీ కిందికి దిగే చోట ఉన్న ఇనపపెట్టెని చట్రానికి బిగించే బోల్టులట. స్పానరు గిర్రున తిరిగిన చప్పుడు, మావయ్యగారి ఉఫ్ అనే ఊపిరి. "ఇప్పుడు తిప్పమ్మా." తిప్పాను. బెత్తెడు కాస్తా రెండు వేళ్లయింది. రెండు వేళ్లంటే ఒప్పుకోవచ్చా? నా పెళ్లయిన కొత్తలో అత్తయ్య వీధిలో అందరికీ చెప్పేది, "మా కోడలు ఉప్పు కూడా కొలిసే ఏస్తాది, కుట్టిన కుట్టు ఇప్పి మళ్లీ కుడతాది" అని. అందులో ఎగతాళీ ఉంది, మెప్పూ ఉంది, ఏది ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేదు. తేల్చుకోకపోవడమే మంచిదయింది, అత్తయ్య సింహాచలమ్మ మాట అప్పడం లాంటిది, విరిగేటప్పుడే చప్పుడు, తర్వాత మెత్తనే.

"ఇంకా ఉంది మావయ్యగారూ. తగ్గింది, పోలేదు."

పాదాల వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి. వరండాలో ఈయన పేపరు మడిచి చెయ్యి గడియారం చూసుకున్నారు. చూసుకుని తీతు జుట్టు సవరించారు. తీతు నాయనమ్మ ఒళ్లో కూర్చుని పెదవి మీద పుండుని నాలుకతో తడుముకుంటోంది, ఆ పెదవి చూస్తే నాకు ఈ రెండు వేళ్ల ఒదులు రెండు బారలంత అవుతోంది, ఈ పాదాలు చూస్తే మాత్రం సరేలే అనేద్దామనిపిస్తోంది. అందరూ నన్ను ఖచ్చితమైన మనిషంటారు. ఖచ్చితంగా ఉండటం ఉప్పులో సులువు.

ఎందుకంటే మావయ్యగారు నాకు ఏమిచ్చారో ఈ వీధిలో ఎవరికీ తెలియదు. తీతు పుట్టిన రోజు, శ్రావణంలో ఎడతెరిపి లేని వాన, నొప్పులు మొదలయ్యేసరికి ఈయన ఆఫీసులో ఉన్నారు, ఒక్క రిక్షావాడూ రాలేదు, మావయ్యగారు జీపు తీశారు. గుడారపు గుడ్డలోంచి నీళ్లు నా మీద పడుతుంటే అత్తయ్య తన కొంగు పట్టి ఆపింది, ఆయన దారంతా హారను మోగిస్తూనే ఉన్నారు, ఇంజను ఈల వేసినట్టు పొడుగ్గా, జనం తప్పుకున్నారు, గేటు ఎత్తారు, రైల్వే ఆసుపత్రి మెట్ల దాకా తెచ్చి ఆపారు. మెల్లగా. ఆ నొప్పుల్లో కూడా నాకది గుర్తుంది, ఎంత మెల్లగా ఆపారో. ఆ రోజు కూడా ఈ స్టీరింగు జానెడు ఒదులుగానే ఉండి ఉంటుంది కదా అని ఇవాళ తోస్తే దండం పెట్టాలని ఉంది, ఎవరికో తెలియదు, ఈ ఇనపముక్కకైనా.

తీతుకి పాలు మాన్పించాక నేను మాట్లాడటం తగ్గించేశానట. నాకు తెలియలేదు, ఆయనకి తెలిసింది. ఒకరోజు పొద్దున్నే, "వాణమ్మా, పద, అలగ తిరిగొద్దాం" అని జీపెక్కించి యుద్ధం నాటి పాత విమానాల మైదానానికి తీసుకెళ్లారు. సాలచెట్ల మధ్య పెద్ద సిమెంటు రోడ్డు, ఎక్కడి నుంచి ఎక్కడికీ పోనిది, పగుళ్లలో గడ్డి మొలిచినది. అక్కడ దిగి, "ఇటు కూకో" అని నన్ను ఈ సీట్లో కూర్చోబెట్టారు. నేను నవ్వాననుకుంటాను, చాలా రోజులకి. క్లచ్చి, గేరు, బ్రేకు ఆయన నేర్పినంత ఓపిగ్గా మా నాన్నగారు కూడా నాకు ఇంగ్లీషు నేర్పలేదు. ఒక్కటి మాత్రం నేర్పలేదు, తిప్పడం. అక్కడ తిప్పే అవసరమే రాలేదు, రోడ్డు అంత వెడల్పు, బండి ఎటు ఊగితే అటే దారి. తిప్పడం నేనే తర్వాత నేర్చుకున్నాను, హిజ్లీ దారిలో, చేతులు నొప్పిపుట్టేలా ఎప్పుడూ సరిచేసుకుంటూ. చిలకమ్మ చూసి, "కోడల్ని లారీ డ్రైవరు సేస్తన్నారేటి?" అంది. "లారీ ఏటి సిలకమ్మా, మెయిలే" అన్నారు మావయ్యగారు. అప్పటి నుంచి నెలకోసారి హిజ్లీ కాలేజీ లైబ్రరీకి పోతున్నాను, అక్కడ తెలుగు పుస్తకాలు లేకపోయినా పుస్తకాల వాసన ఉంది. ఇదంతా ఆయన అడగకుండా ఇచ్చినదే.

పోయిన ఆదివారం ఆ హిజ్లీ దారిలోనే. ఆయన నడుపుతున్నారు, నేను వెనక సీట్లో, తీతు ఆయన పక్కన. ఎదురుగా గడ్డిబండి. దూరం ఉంది, తిప్పుకోవడానికి కావలసినంత దూరం. నేను చూశాను, ఈ ఇంట్లో నేనొక్కదాన్నే చూశాను. ఆయన ఎడమచెయ్యి స్టీరింగు వదిలి పైకి లేచింది, గాలిలో దేనికోసమో తడిమింది, ఈల తీగ కోసం. కుడిచెయ్యి పక్కకి పోయింది, బ్రేకు పిడి కోసం. రెండు చేతులూ ఇంజనులోకి పోయాయి, ఒక ఊపిరి సేపు, జీపుని పట్టుకున్నవాళ్లు లేరు. తర్వాత పట్టుకుని తిప్పారు, కాని ఆ జానెడు ఒదులు ఆయన తిప్పినదాన్నంతా మింగేసింది, బండి ఎర్రమట్టి గోతిలోకి దిగింది, తీతు పెదవి కమ్మీకి కొట్టుకుంది. ఒదులు స్టీరింగుదే అని అందరం అనుకున్నాం. అది నిజమే. అదొక్కటే నిజం కాదు. ఈ సంగతి ఈయనకి చెప్పలేదు. ఇవాళ స్టీరింగు బాగయిపోతే చెప్పాలా? బాగయిపోయిందని నేను సరే అన్నాక మళ్లీ తీతు ఆయన పక్కనే కూర్చుంటుంది కదా. నేను సరే అనాల్సింది దేనికి?

"బాబాయ్, ఈ స్క్రూ ఒకటున్నాది, పెట్టికి పక్కన. దీన్ని బిగిస్తే సచ్చినట్టు లూజు పోతాది." కిర్రుమని ఏదో తిరిగింది, నా చేతిలో స్టీరింగు ఒక్కసారి బిగుసుకుంది. రెండు వేళ్లూ మాయం. ఈయన వరండా దిగి వచ్చి నా భుజం మీంచి చెయ్యి చాచి తిప్పి చూశారు, మళ్లీ చూశారు, ముఖం విప్పారింది. "పోయింది! నాన్నా, పూర్తిగా పోయింది!" ఆ గొంతులో ఎంత సంతోషం ఉందో! ఈయన కూడా బండి పోవాలని కోరుకోలేదు, వాళ్ల నాన్న అన్నం తినాలని కోరుకున్నారు, ఆ సంగతి ఆ గొంతు వింటే ఎవరికైనా తెలుస్తుంది. మావయ్యగారు కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చారు, వీపంతా మట్టి. అత్తయ్య, "హమ్మయ్య, నీలాద్రప్పడికి దండం" అని తీతు చేతులు పట్టి చప్పట్లు కొట్టించింది. అందరూ నా వైపు చూశారు. తల ఊపితే చాలు.

"ఒక్కసారి వీధి చివర దాకా పోయివస్తాను" అన్నాను.

పోయాను. మలుపు దగ్గర తిప్పాను, తిరిగింది, కాని తిరిగి తనంతట తాను రాలేదు, బలవంతాన లాక్కురావలసి వచ్చింది. కుట్టుమిషను పట్టీ మరీ బిగించినప్పుడు చక్రం ఇలాగే మొరాయిస్తుంది. మురిక్కాలవ రాయి మీద చక్రం ఎక్కి దిగినప్పుడు అరచేతికి తగిలింది, టక్కుమని, చిన్నగా, ఎక్కడో లోతుగా. పొద్దున్నించీ తగులుతున్నదే. పోలేదు, పైన బిగిస్తే కింద దాక్కుంది. తిరిగి వచ్చి ఆపాను. చెప్పాను. నా గొంతు నాకే మేష్టారి గొంతులా వినబడింది, మా నాన్నగారు పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు తన సొంత మేనల్లుడికి మార్కు తగ్గించిన నాటి గొంతులా. "బిగుసుకుంది గాని ఒదులు పోలేదు మావయ్యగారూ. ఇలా ఉంటే ముందుకన్నా ప్రమాదం."

తుక్కు వ్యాపారి అప్పుడే సైకిలు దిగాడు, స్టాండు వేస్తూ జీపుని పైనుంచి కిందికి చూశాడు. ఈయన తల దించుకున్నారు. నాకు మావయ్యగారి ముఖం చూసే ధైర్యం లేక స్టీరింగు మధ్యలో అరిగిపోయిన నల్లబొడిపె చూస్తున్నాను, ఇంత ఇచ్చిన మనిషికి నేను తిరిగి ఇచ్చేది ఇదా, ఇంకొకరైతే తల ఊపి ఉండేవారు, చిలకమ్మ కోడలైతే నవ్వి ఉండేది, నేనెందుకిలా...

"సిగ్నలు పడలేదు," అన్నారాయన. కోపం లేదు, నిట్టూర్పు కూడా లేదు. "పడలేదంటే పడలేదే. సూసన్నా, ఆ స్క్రూ ఎనక్కి తియ్యరా."

"తుక్కతను వచ్చాడు నాన్నా."

"రానీ. టీ తాగుతాడు."

అత్తయ్య అప్పటికే లేచింది. వచ్చినవాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, పళ్లెంలో పకోడీలు పెట్టి, తనకొచ్చిన బెంగాలీ సగం, హిందీ సగం కలిపి, జీపు సంగతి ఇప్పుడడగొద్దు, ముందు తిను, వేడిగా ఉన్నాయంది. "ఠీక్ హై మాసీమా" అని, పిన్నిని పిలిచినట్టే పిలిచి, అతను నిశ్చింతగా పకోడీ కొరికాడు. ఏ తొందరా లేదు అతనికి, ఇనుము ఎక్కడికి పోతుంది?

మావయ్యగారు మళ్లీ కిందకి దూరారు. "ఈసారి సూడొద్దురా సూసన్నా, కళ్లతో సాన్నాళ్లు సూసినాం. నాను పట్టుకుంటాను, అమ్మ తిప్పుతాది." ఇంజను ఆగిన ప్రతి స్టేషనులో డ్రైవరు దిగి, కడ్డీల కీళ్ల మీద ఒక్కొక్కదాని మీదా చెయ్యి ఆనించి చూస్తాడట, ఏది వేడెక్కిందో, ఏది కొట్టుకుంటోందో. ఆయన అలాగే మొదలుపెట్టారని నాకు వినబడింది, ఒక్కో చోట చెయ్యి పెట్టి "తిప్పు" అంటారు, నేను తిప్పుతాను, "ఇది కాదు" అంటారు, చెయ్యి జరుపుతారు. తిప్పు. ఇది కాదు. తిప్పు. ఇదీ కాదు. నేను కళ్లు మూసుకున్నాను. పైన నా చేతులు, కింద ఆయన చెయ్యి, మధ్యలో ఇంత ఇనుము, ఇద్దరం ఒకే టక్కు కోసం వెతుకుతున్నాం. తిప్పు. నాకు తగిలింది, టక్కుమని. అదే క్షణంలో కింద నుంచి, "ఇక్కడున్నాదిరా దొంగముండ!"

ముందు ఇరుసుకి నట్టనడుమ ఉన్న ముక్కట, పెట్టె నుంచి వచ్చే రాడ్డునీ చక్రాలకి పోయే రాడ్లనీ కలిపేది. అది ఒక గుండ్రటి పిన్ను చుట్టూ తిరుగుతుంది, ఆ పిన్నుకీ తొడుగుకీ మధ్య అరిగిపోయి చోటు పడింది. బురదా గ్రీజూ కలిసి గట్టిపడి పైకి కనబడలేదు. సూసన్న తన గుడ్డసంచి బోర్లించాడు, ఏది పాడైందో తెలియక గోల్‌బజారులో జీపు సామాన్లు అమ్మేచోట అడిగి అన్నీ తెచ్చాడట, నచ్చకపోతే వెనక్కి ఇచ్చే ఒప్పందం మీద. అందులో కొత్త పిన్నూ ఇత్తడి తొడుగూ మెరిశాయి. పాతది ఊడగొట్టడానికి సుత్తి దెబ్బలు, కిరసనాయిలు వాసన, మావయ్యగారు సూసన్నని తిట్టడం, సూసన్న ఆయన్ని వెక్కిరించడం, "బాబాయ్, ఇది ఇంజను కాదు, అలగ బాదకు, అమెరికావోడు ఏడుస్తాడు." ఆ దెబ్బలు నా సీటులోంచి వెన్నులోకి వస్తున్నా కదలకుండా కూర్చున్నాను. హాయిగా ఉంది. ఆ ఇద్దరి నవ్వూ వింటుంటే, అత్తయ్య తుక్కతనికి ఇంకో పళ్లెం నింపుతుంటే, తీతు వచ్చి మెట్టు మీద నిలబడి నా మోచెయ్యి పట్టుకుంటే, ఈ ఇంట్లో నా మాట నచ్చకపోయినా విన్నారే అనిపించింది. మా నాన్నగారు ఉంటే చెప్పేదాన్ని, మీరు భయపడి కిటికీలోంచి చూసిన దూరం ఇంతే నాన్నగారూ అని.

"ఇప్పుడు తిప్పమ్మా."

తిప్పాను. నా వేలు కదిలింది, కింద చక్రం కదిలింది, రెంటికీ నడుమ ఏమీ లేదు. వీధి చివర దాకా పోయి వచ్చాను. మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను నా అరచేతుల్లోంచి జారి నడిమికి వచ్చింది. రాయి ఎక్కింది, దిగింది, టక్కు లేదు.

"సరే మావయ్యగారూ. బాగుంది."

ఈయన వాళ్ల నాన్న వీపు మీది మట్టి దులపడం మొదలుపెట్టారు, అవసరానికి మించి దులిపారు. తుక్కు వ్యాపారి చేతులు తుడుచుకుని లేచి, జీపు వైపు ఒకసారి, పళ్లెం వైపు ఒకసారి చూసి, మాసీమాకి నమస్కారం పెట్టి సైకిలెక్కాడు. తీతు అప్పుడే తాతయ్యా తాతయ్యా అని గెంతుతోంది, తిరగడానికి పోదామని. ఇంక మావయ్యగారు వచ్చి ఈ సీట్లో కూర్చుంటారు, నేను దిగాలి. నేను చెప్పాల్సింది ఇంకొకటి మిగిలే ఉంది. ఇప్పుడు చెప్పకపోతే మళ్లీ చెప్పలేను. ఎలా చెప్పాలి, అందరి ముందా, ఒక్కరికేనా, మీ చేతులు అని ఎలా మొదలుపెట్టాలి, ఆ చేతులు నాకు... నోరు తెరిచాను.

ఆయన గుడ్డపేలికతో చేతులు తుడుచుకుంటూ జీపు దగ్గరికి వచ్చారు. "నువ్వు దిగమాక వాణమ్మా" అన్నారు. బానెట్టు చుట్టూ తిరిగి అవతలి పక్కకి పోయి, కమ్మీ పట్టుకుని, మెల్లగా కుడిపక్క సీట్లోకి ఎక్కి కూర్చున్నారు. "బండి సంగతి నువ్వు సెప్పినావు. నా సంగతి నానే సెప్పుకోవాల గదా." ఈయన అర్థంకాక చూస్తున్నారు. మావయ్యగారు ఈయన వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు, అద్దంలోంచి ముందుకి చూస్తూ అన్నారు, "సర్వీసంతా పట్టాలే తిప్పినాయి తల్లీ, నాను తిప్పలేదు. ఆ రోజు గడ్డిబండి ఎదురొస్తే నా సేతులు ఇంజన్లోకి పోనాయి. మన తీతు గుంట మూతి సితికినాది. నువ్వు ఎనకనించి సూసినావని నాకు తెల్సు, నువ్వు సెప్పలేదనీ తెల్సు. ఇంక ఇది నీ సీటు."

తెరిచిన నోరు మూసుకుని స్టీరింగు రెండు చేతులా పట్టుకున్నాను. మా ఇళ్లలో కృతజ్ఞత నోటితో చెప్పే అలవాటు లేదు, చెబితే పరాయివాళ్లమైపోయినట్టుంటుంది. ఈయన తీతుని రెండు చేతులతో ఎత్తి వాళ్ల నాన్న ఒళ్లో కూర్చోబెట్టారు. "గట్టిగా పట్టుకో నాన్నా" అన్నారు. తీతుతో అన్నారో, ఆయనతో అన్నారో.

హిజ్లీ దారి పట్టాం. సుభాష్‌పల్లి వైపు నుంచి సైకిళ్లు ఎదురొస్తున్నాయి. ఒక్కోదానికి వేలెడు తిప్పితే జీపు వేలెడే జరుగుతోంది, నా చేతులకి ఇంత తేలిక ఎప్పుడూ తెలియదు. మావయ్యగారు నన్ను హెచ్చరిస్తారేమో, హారను కొట్టమంటారేమో అని చూశాను. ఆయన ముందుకి చూడటం లేదు. తల పక్కకి తిప్పి, గట్టు మీది చెట్ల వరసనీ దాని అవతల తామరచెరువునీ నోరు తెరిచి చూస్తున్నారు, జన్మంతా ఎదురుగా ఉన్న సిగ్నలు తప్ప పక్కకి చూడని మనిషి.

"ఓలమ్మా," అన్నారు తీతుతో, "ఈ పక్కన ఇన్ని తాడిసెట్లున్నాయేటే!"

నేను గేరు మార్చి జీపుని నెమ్మది చేశాను.